ఇంట్లో ఏమని పిలుస్తరు?

మా ఆవిడ నర్సు. మా ఇంట్లో చేతులు కడుక్కోవడానికి వాడిన నీళ్లన్నీ ఒకచోట నిలిపి ఉంటే ఈపాటికి గోదావరి మీద ఇంకో బ్యారేజీ కట్టాల్సి వచ్చేది. కూర తరిగేముందు కడగాలి, తరిగాక కడగాలి, టీవీ రిమోటు పట్టుకుంటే కడగాలి. బసంత్‌నగర్ నుంచి చుట్టాలొచ్చి చెయ్యి కలిపితే అక్కడి సిమెంటు ఫ్యాక్టరీ దుమ్ముకు మోచేతుల దాకా కడగాలి. పెళ్లినాటికి నా అరచేతిలో బ్రహ్మాండమైన ధనరేఖ ఉండేదని మా అమ్మ చెప్పేది. అది సబ్బుకు అరిగిపోయింది.

నాది గోదావరిఖని చౌరస్తా దగ్గర ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు వేసే దుకాణం. ఉన్నదాన్ని ఉన్నట్టు చూపిస్తే ఒక్క గిరాకీ కూడా మళ్లీ గుమ్మం తొక్కని వ్యాపారం. మా దగ్గర బొగ్గుగనిని బాయి అనే అంటారు. బాయి నుంచి రిటైరయ్యే మనిషి పాస్‌పోర్టు ఫొటో ఒకటి తెచ్చి, జర మంచిగ చెయ్యమంటాడు. నేను ఆయన వెనక హిమాలయాలు పెడతాను, పక్కన రెండు సింహాలను కూర్చోబెడతాను, నెత్తిమీద పావురాల గుంపును ఎగరేస్తాను. మంచుకొండలకు, సింహాలకు, పావురాలకు ఒకేచోట పొత్తు ఎలా కుదిరిందని ఇప్పటిదాకా ఎవరూ అడగలేదు. పైగా సింహం కొంచెం చిన్నగైందన్నా అని ఫిర్యాదులొస్తాయి.

ఇట్లాంటి మనిషికి మా ఆవిడ ఒక పని అప్పజెప్పింది. ఆమె పనిచేసే దవాఖాన పేరు చెప్పను. అసలు ఇందులో ఎవరి పేరూ చెప్పను. పేర్ల మీదే నడిచే సంగతిని ఒక్క పేరూ లేకుండా చెప్పడం పప్పు వేయకుండా పప్పుచారు కాయడం లాంటిదే. అయినా ఎందుకు చెప్పనో ముందుకు పోయేకొద్దీ మీకే అర్థమవుతుంది.

ఆ దవాఖానకు నాణ్యత తనిఖీ ఏదో రాబోతోంది. దానికోసం పెద్దవాళ్లు ఒక ఇంగ్లిషు పుస్తకం తెప్పించారు. తలకింద పెట్టుకుంటే మెడ పట్టేసేంత లావు, మీద పడితే దవాఖానలో చేర్పించేంత బరువు. నర్సులు మంచి పద్ధతిలో ఎలా పనిచేయాలో అందులో ఉంది. మందు ఎట్లా ఇవ్వాలి, రక్తం ఎట్లా ఎక్కించాలి, డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు ఏమేం చెప్పాలి, పొరపాటు జరిగితే ఎవరికి చెప్పాలి, రోగి నమ్మి చెప్పిన సొంత సంగతి ఎవరికి చెప్పకూడదు, ఇట్లా. కొత్తగా చేరిన అమ్మాయిలు ఆ పాఠాలు ఇంగ్లిషులో రాసి పాసైనవాళ్లే. కాని చేతిలో సూది, ఎదురుగా మూలిగే మనిషి, వెనక అరిచే చుట్టాలు ఉన్నప్పుడు బుర్ర ఇంగ్లిషులో నడవదు. అందుకని ముఖ్యమైన ముక్కలన్నీ తెలుగులో పెట్టి, జేబులో పట్టేంత పుస్తకం వేద్దామని మా ఆవిడ అనుకుంది. ఆమె చదివి చెప్పాలి, నేను రాయాలి, నా దుకాణంలోనే అచ్చు వేయాలి.

మొదటి రోజు చేతుల శుభ్రత. నేను ఊపుమీద ఉన్నాను. "చేతులు కడగని నర్సు పట్టిన సూది యముడు పట్టిన పాశం కన్నా వాడి" అని రాసి, చుట్టూ తామరపూల అంచు గీసి చూపించాను. ఆమె చదివి, పెన్ను తీసుకుని, యముడిని, పాశాన్ని, తామరపూలను కొట్టేసింది.

"ఇది వార్డు మెంబరు బర్త్‌డే కాదు. ముట్టుకునే ముందు కడుగు, ముట్టుకున్నంక కడుగు. అంతే రాయి."

రెండో రోజు ఇంకా ఘోరం. రోగిని రెండు గుర్తులతో నిర్ధారించుకోవాలని ఆమె చదివింది. మన బడి సర్టిఫికెట్లలో గుర్తులంటే ఏముంటాయి? నేను నిస్సందేహంగా "ఒకటి, కుడి భుజం మీద పుట్టుమచ్చ" అని రాశాను. ఆమె ఎంత నవ్విందంటే పొయ్యిమీది పాలు పొంగి, గట్టు దిగి, గడప దాటి, పక్కింటి పిల్లిని తడిపాయి. నవ్వు తగ్గాక చెప్పింది. గుర్తులంటే పేరు, పుట్టిన తేదీ. వాటితో చేతికి కట్టిన పట్టీని సరిచూడాలి. అయితే పేరు మనం చెప్పకూడదు, ఆయన చెప్పాలి. నువ్వు ఫలానానా అని అడగొద్దు, నీ పేరేమిటని అడిగి విను.

రెండింటికీ తేడా ఏముందన్నాను.

"మనోళ్లు దేనికైనా 'ఆ' అంటరు" అంది.

ఆలోచించిన కొద్దీ ఆ మాట నన్ను వదల్లేదు. మన 'ఆ'కు అవును అని ఒక్కటే అర్థం కాదు. ఆ అంటే విన్నాను. ఆ అంటే ఏమన్నావు. ఆ అంటే నువ్వు చెప్పేది చెప్పు, నేను వినేది వింటాను. ఆ అంటే ముందు నన్ను పోనియ్యి. మరునాడు దుకాణంలో పరీక్ష పెట్టాను. గుమ్మంలో నిలబడ్డ ఒక పెద్దమనిషిని, పెళ్లికార్డుల కట్ట కోసం వచ్చింది నువ్వేనా అని అడిగాను. ఆ అన్నాడు. కట్ట ఇచ్చాను, చంకలో పెట్టుకుని పోయాడు. సాయంత్రానికి తిరిగి తెచ్చాడు. పాపం ఆయన మంచినీళ్ల కోసం వచ్చాడట. ఇంట్లో పెళ్లీడు పిల్లలే లేరట. ఆ రోజు నుంచి పుస్తకంలోని ఆ ఒక్క నియమం మీద నాకు గౌరవం కుదిరింది. పేరు అందించొద్దు. అడుగు, ఆగు, విను. ఇది మా ఆవిడ కొట్టేయకుండా మిగిల్చిన నా మొదటి వాక్యం.

ఇదంతా నడుస్తుండగానే మా కాక పడ్డాడు.

కాక అంటే మాకు వరసకు బాబాయి, మా ఇంటికి ఎదురిల్లు. బాయిలో పనిచేసి దిగిపోయిన మనిషి. నేను ఆయన్ను కాక అంటాను, నా పిల్లలూ కాకే అంటారు, కూరగాయల బండివాడు కాక అంటాడు, గ్యాసు తెచ్చేవాడు కాక ఇల్లెక్కడ అని అడుగుతాడు. ఆయనకు కాక కాకుండా ఇంకో పేరు ఉంటుందన్న ఆలోచనే మాకెవరికీ రాలేదు. వరస పెట్టి పిలుచుకునే చోట పేరు పండక్కి తీసే పట్టుచీర లాంటిది. ఉందని తెలిస్తే చాలు, బయటికి తీయనక్కర్లేదు. భూమి లోపల, ఎప్పుడు ఏ బండ రాలుతుందో తెలియని కప్పు కింద ఏళ్లకేళ్లు నడిచి గోరంత దెబ్బ తగలని ఆ మనిషి, ఒక తెల్లవారుజామున ఇంటిముందు నీళ్ల డ్రమ్ము దగ్గర పాకుడు మీద జారి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. ఆ పడిన చప్పుడుకు ఎక్కడో బాయిలో బ్లాస్టింగు పెట్టారనుకున్నాం.

మా ఆవిడ పనిచేసే దవాఖానకే తీసుకుపోయాం. రిటైరైనవాళ్లకు వైద్యం కోసం ఇచ్చిన కార్డు ఉంది కాబట్టి ఫికర్ లేదు. ఆ కార్డులో ఉన్నట్టే పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ రాసుకున్నారు, చేతికి పట్టీ కట్టారు. మరునాడు ఆపరేషన్. లోపల రక్తం చాలా పోయింది కాబట్టి ముందు రక్తం ఎక్కించాలన్నాడు డాక్టరు.

మర్నాడు కాదు, ఆ రోజు మధ్యాహ్నమే అసలు కథ. నేను అన్నం డబ్బా పట్టుకుని వెళ్లేసరికి కాక నొప్పికి ఇచ్చిన సూది మత్తులో ఉన్నాడు. జన్మంతా బొగ్గులో నానిన ముఖం సున్నం కొట్టిన గోడలాగా ఉంది. కాక భార్యను మేం చిన్నమ్మ అంటాం. ఆమె మంచం పక్కన స్టూలు మీద, కొంగు నోటికడ్డం పెట్టుకుని కూర్చుంది. బ్లడ్‌బ్యాంకు నుంచి రక్తం సంచి వచ్చింది. మంచానికి ఒక పక్క మా ఆవిడ, ఇంకో పక్క నస్పూర్ నుంచి వచ్చే కొత్త నర్సు అమ్మాయి. రక్తం ఒక్కరే ఎక్కించరు, ఇద్దరు కలిసి సరిచూడాలి. అదీ పుస్తకంలోదే, తామరపూలు లేకుండా నేనే రాశాను.

అమ్మాయి సంచి మీద ఉన్నది చదువుతుంటే మా ఆవిడ కాక చేతి పట్టీ చూసింది. పేరు కలిసింది. తండ్రి పేరు కలిసింది. పుట్టిన తేదీ, దవాఖాన నంబరు కలిశాయి. పంతులు డబ్బు తీసుకుని కలిపిన జాతకాలు కూడా అంత బాగా కలవవు.

"కాకా, నీ పేరేంది?" అని మా ఆవిడ వంగి అడిగింది.

కాక సగం కన్ను తెరిచి "ఆ" అన్నాడు.

ఆ 'ఆ'ను ఆమె తీసుకోలేదు. మనిషి చెప్పలేని స్థితిలో ఉంటే తోడున్నవాళ్లను అడగాలి. చిన్నమ్మ వైపు తిరిగి, కాక పేరేమిటని అడిగింది. చిన్నమ్మ చెప్పింది. ఇంటిపేరుతో సహా, కౌంటరు ముందు నిలబడి చెప్పినట్టు, గట్టిగా, ఠక్కున చెప్పింది. సంచి మీద ఉన్న పేరే.

మా ఆవిడ చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఎందుకాగిందో నాకు అప్పుడు తెలియలేదు. మా వైపు ఆ ఈడు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పరు. బ్యాంకులో అడిగితే పక్కనున్న మనవరాలిని మోచేత్తో పొడుస్తారు. మనవరాలు లేకపోతే పాసుబుక్కు చూపించి మీరే చదువుకోమంటారు. మొగుడిది దేవుడి పేరైతే ఆ గుడికి పోయి కూడా, మా ఇంటాయన పేరుగల సామీ అని మొక్కుతారు. ఇన్నేళ్ల సర్వీసులో మా ఆవిడ ఈ ప్రశ్న వేల మంది అవ్వలను అడిగి ఉంటుంది. ఒక్కరూ తల దించకుండా, నవ్వకుండా, కొంగు లాక్కోకుండా చెప్పలేదు. చిన్నమ్మ రేషన్ బియ్యం బరువు చెప్పినంత తేలిగ్గా చెప్పేసింది.

"చిన్నమ్మా, కాకను ఇంట్లో ఏమని పిలుస్తరు? మీ అత్తమ్మ ఏమని పిలుస్తుండె?"

"గదే పేరు బిడ్డా. ఇంకో పేరెక్కడిది?" ఈసారి చిన్నమ్మ తల దించింది.

అన్నీ కలిశాయి కదక్కా అని నస్పూర్ అమ్మాయి మెల్లగా గుర్తుచేసింది.

"కలిసినయి. నాకే కలుస్తలేదు" అంది మా ఆవిడ.

డాక్టరు దగ్గర నుంచి ఫోను వచ్చింది. ఇంకా ఎక్కించలేదేమని అడిగారు. ఆమె అనుమానం ఉందని, తీరగానే మొదలుపెడతానని చెప్పి పెట్టేసింది. నిజం చెప్పాలంటే నాకూ చిరాకేసింది. కాక ముఖం చూస్తుంటే, సంచి చేతిలో పెట్టుకుని ఈ అత్తగారి ఆరా ఏమిటనిపించింది. కాని ఒకసారి వంటింట్లో ఆమె చెప్పిన మాట మనసులో మెదిలింది. ఒకరికి సరిపడని రక్తం కొద్దిగా లోపలికి పోయినా మనిషి దక్కడు. మందు తప్పైతే ఒక్కోసారి విరుగుడు ఉంటుంది, ఇది ఒకసారి పోయాక వెనక్కి రాదు. అందుకే ఆ ఒక్కచోట పుస్తకం అంత చాదస్తంగా ఉంటుంది.

చిన్నమ్మ కాక పాదం పట్టుకుంది. ఎక్కియ్యి బిడ్డా, మొఖం చూడు ఎట్లయిందో అని బతిమాలింది. మా ఆవిడ కదల్లేదు. కొంచెంసేపటికి చిన్నమ్మ ఆమె చెయ్యి లాగి, గొంతు బాగా తగ్గించింది.

"ఇంకో పేరు చెప్తే కార్డు గుంజుకుంటరా?"

మా ఆవిడ సంచిని ట్రేలో పెట్టేసింది. నావైపు చూసింది. ఆ చూపుకు అర్థం నాకు తెలుసు. అది చూసి మా ఇంట్లో ఫ్రిజ్ కూడా చప్పుడు ఆపుతుంది. బయటికి నడిచాను. వెనకనే పర్దా లాగారు. పర్దా గుడ్డే కదా, గోడ కాదు. మా ఆవిడ మాట ఒకటి మాత్రం వినిపించింది.

"నేను ఆఫీసు మనిషిని కాదు చిన్నమ్మా. నాకు కార్డుతోటి పని లేదు, కాకతోటి పని. నువ్వు చెప్పేది నేను కార్డోళ్లకు చెప్ప."

వరండా బెంచీ మీద చిన్నమ్మ అన్న కూర్చుని ఉన్నాడు. మాకు వరసకు మామ. కమాన్‌పూర్ దగ్గరి ఊళ్లో వ్యవసాయం. ఓపెన్‌కాస్టు గని తవ్విన మట్టి వాళ్ల పొలం పక్కనే పోశారు. ఆ గుట్ట ఎంత ఎత్తంటే, మామ పొలానికి పొద్దు మధ్యాహ్నం భోజనాలప్పుడు పొడుస్తుంది. బావను చూద్దామని పొద్దున్నే బస్సెక్కి వచ్చాడు. నన్ను చూడగానే దవాఖాన మీద విరుచుకుపడ్డాడు.

"ఏం దవాఖాన అల్లుడా ఇది? పొద్దుగాల నా నెత్తురు గుంజుకున్నరు. ఒక్క చాయ్ బొట్టన్న పొయ్యలే."

చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి మడతలో అంటించిన దూది చూపించాడు. యుద్ధంలో తగిలిన బాణం దెబ్బ చూపించినట్టు చూపించాడు. నీ నెత్తురెందుకు తీశారని అడిగాను. కాకను ఎక్స్‌రేకు తీసుకుపోయారట, చిన్నమ్మ కూడా వెంట పోయిందట. మంచం ఖాళీగా ఉంది, పైన ఫ్యాను తిరుగుతోంది, మామ ముఖం మీద తువాల కప్పుకుని నడుం వాల్చాడు. ఒక సిస్టరమ్మ వచ్చింది. పద్ధతిగల పిల్ల అని మామ ఒప్పుకున్నాడు.

"నీ పేరేందని అడిగింది, తువాల తియ్యకుంటనే చెప్పిన. నాయిన పేరడిగింది, చెప్పిన. పుట్టిన తారీఖు అడిగింది, అది గూడ చెప్పిన. అన్ని చీటిమీద ఉన్నట్టే ఉన్నయన్నది. బావకు నెత్తురు గావాలె గదా, చుట్టాలకాడ తీస్తున్నరేమో అనుకున్న."

నేను ఏమీ తెలియనట్టు, నీ పేరేమిటి మామా అన్నాను. వరసలతో బతికే మనుషులం, ఆయన పేరూ నాకు తెలియదు. చెప్పాడు. ఇంటిపేరుతో సహా చెప్పాడు. లోపల చిన్నమ్మ అంత గట్టిగా చెప్పిన పేరే. నా చేతిలో అన్నం డబ్బా ఉన్నపళాన క్వింటాల్ బరువైంది.

అప్పుడే పర్దా తీసుకుని మా ఆవిడ బయటికొచ్చింది. వచ్చీ రాగానే మామ చెయ్యి పట్టుకుని ఆ దూదిని చూసింది. కళ్లు మూసుకుని, ఒక పెద్ద శ్వాస తీసి వదిలింది. ఆ గాలికి వరండాలో పోస్టర్లన్నీ రెపరెపలాడాయంటే మీరు నమ్మరు, నేనూ ఒత్తి చెప్పను. కాని ఆ వెంటనే ఆమె పోయి మోచేతుల దాకా రెండుసార్లు చేతులు కడుక్కోవడం నేను చూశాను. అది పెంచి రాయాల్సిన పని లేదు.

మా బొగ్గు మనుషులకు ఇది చెప్పక్కర్లేదు. బయటివాళ్లకు చెప్పాలి. పూర్వం బాయి పనికి పిలుపు ఒకరి పేరున వస్తే ఇంకొకరు దిగడం మా దగ్గర జరిగేది. దాన్ని మారుపేరంటారు. పిలుపు వచ్చింది మామకు. ఆయన బాయి మూతిదాకా పోయి, ఆ చీకటిని చూసి, వాంతులు చేసుకుని ఇంటికొచ్చాడు. బావకేమో ఒంట్లో సత్తువ ఉంది, చేతిలో కాగితం లేదు. ఇంటి మనుషులమే కదా, పేరు ఎవరిదైతేనేం అనుకున్నారు. ఆ రోజు నుంచి మామ పేరు కాకకు డ్యూటీ పేరైంది. తండ్రి పేరు, పుట్టిన తేదీ కూడా వెంట వచ్చాయి. అమ్మ పెట్టిన పేరు ఇంటిపట్టున ఉండిపోయింది. చిన్నమ్మ ఆఫీసుల్లో, బ్యాంకుల్లో, బడిలో పిల్లల్ని చేర్చేటప్పుడు మొగుడి పేరని చెప్పిందంతా అన్న పేరు. అన్న పేరు చెప్పడానికి సిగ్గెందుకు? అందుకే అంత గట్టిగా చెప్పింది.

పొద్దున రక్తం తీసింది నస్పూర్ అమ్మాయే, పుస్తకంలో ఉన్నట్టే చేసింది. పేరు అందించలేదు, అడిగింది, విన్నది. మామ ఒక్క అక్షరం అబద్ధం చెప్పలేదు. అడిగినవన్నీ నిజాలు, చెప్పినవన్నీ నిజాలు, వెళ్లిన నెత్తురు మాత్రం వేరే మనిషిది. ఒక్క ముక్క మిగిలింది. చేతికి పట్టీ ఉందా అని చూడలేదు. తండ్రి పేరూ పుట్టిన తేదీ కూడా పొల్లుపోకుండా చెప్పిన మనిషికి ఇంకా పట్టీ ఎందుకనుకుంది. నేనైనా అంతే అనుకునేవాణ్ని.

ఆ సంగతి తెలిసి నస్పూర్ అమ్మాయి గోడకు చేరగిలబడింది. మా ఆవిడ ఆమెను దగ్గరికి పిలిచింది.

"తప్పు నీది కాదని అనను. నీ ఒక్కదానిదే అని గూడ అనను. ముందు కాక పని చూద్దాం, తర్వాత కూసొని రాద్దాం పా."

సంచిని వెనక్కి పంపారు. కొత్తగా రక్తం తీసే పని ఆ అమ్మాయితోనే చేయించింది. పట్టీ చూసి, తీసి, మంచం దగ్గరే నిలబడి సీసాకు పేరు చీటీ అంటించింది. మా ఆవిడ పక్కన నిలబడింది కాని చెయ్యి వేయలేదు. బ్లడ్‌బ్యాంకు నుంచి జవాబొచ్చింది. బావ బామ్మర్దులు పేరు పంచుకున్నారు, పుట్టిన తేదీ పంచుకున్నారు, తండ్రిని కూడా పంచుకున్నారు. నెత్తురు మాత్రం వేరు వేరు గ్రూపులు. మామది కాకకు పనికిరాదు. సాయంత్రానికి కాకకు కాక గ్రూపు రక్తం ఎక్కుతుంటే, చిన్నమ్మ ఆ ఎర్రటి చుక్కల్ని తదేకంగా చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక మా ఆవిడ జరిగింది రాయడానికి కాగితం తీసింది. పుస్తకంలో రెండు పేజీలు ఒకదానికొకటి ఎదురు నిలబడ్డాయి. ఒక పేజీ, తప్పిపోయిన ప్రమాదాన్ని కూడా దాచకుండా చెప్పమంటుంది. దాస్తే అది రేపు ఇంకొకరి మంచం దగ్గర మళ్లీ జరుగుతుంది. ఇంకో పేజీ, రోగి నమ్మి చెప్పిన సొంత సంగతిని కాపాడమంటుంది. నేను ఉచిత సలహాలు ఒక బండెడు ఇచ్చాను. ఏమీ రాయకు, ఎవరికీ ఏమీ కాలేదు కదా అన్నాను. కాలేదు కాబట్టే రాయాలి, అయ్యాక రాస్తే ఎవరికి లాభం అంది. చివరికి ఆమే దారి వెతుక్కుంది. రోగి మంచం మీద తోడు వచ్చిన మనిషి పడుకున్నాడు, చేతి పట్టీ చూడకుండా ఆయన రక్తం తీశారు, ఎక్కించే ముందు అనుమానం వచ్చి ఆపారు. ఇది ప్రతి అక్షరం నిజం. జరిగింది తెలియడానికి, మళ్లీ జరగకుండా ఉండటానికి ఇది చాలు. ఎవరి పేరు ఎవరిదన్నది ఆ మంచానికి, ఆమెకు, చిన్నమ్మకు తెలిస్తే సరిపోతుంది.

తెల్లారి అదే రాసి ఇచ్చింది. పట్టీ లేని చేతికి సూది గుచ్చొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. చుట్టాలు మంచాలెక్కడం కూడా మాన్పించాలని చూశారు కాని, ఎండాకాలం మా ఊళ్లో ఫ్యాను కింద మంచం ఖాళీగా ఉంచడం దేవతలకు కూడా సాధ్యం కాదు. మా చిన్న పుస్తకంలో మాత్రం ఒక వాక్యం చేరింది. నేను దానికి మూడు పేజీల వచనం రాసి, పైన బాయి బొమ్మ వేసి తెచ్చాను. ఆమె అంతా కొట్టేసి ఇంతే ఉంచింది: "అన్నీ కలిసినా, ఇంట్లో ఏమని పిలుస్తరో ఒకసారి అడుగు." ఏ ఇంగ్లిషు పుస్తకంలోనూ ఈ ముక్క ఉండదని నేను పందెం కాస్తాను. ఆ పుస్తకాలు రాసినవాళ్లకు ఒక మనిషి రెండు పేర్లతో బతకవచ్చని, ఒక ఇల్లాలు మొగుడి పేరు తడుముకోకుండా చెప్పడమే అనుమానించాల్సిన విషయమని ఎట్లా తెలుస్తుంది? పద్ధతి ఎక్కడిదైనా, దాన్ని పట్టుకునే చెయ్యి ఈ ఊరిదై ఉండాలి. ఈ మాట ఆమెతో అంటే, ఫ్లెక్సీ మీద వేసుకోమంది.

ఆపరేషన్ బాగానే జరిగింది. కాక ఇంటికొచ్చాక కట్టు మార్చడానికి మా ఆవిడ ఎదురింటికి పోతుంటే నేనూ వెంట పోయాను. చిన్నమ్మ గడప దగ్గర కూర్చుని ఎల్లిపాయలు ఒలుస్తోంది. మా ఆవిడ చేతులు కడుక్కుని వచ్చి, అలవాటు కొద్దీ కాకను పేరేమిటని అడిగింది.

కాక గడప వైపు చూశాడు. ఆ రోజు పర్దా వెనక ఏం జరిగిందో మామ ఆయనకు అప్పటికే చెప్పాడు. మామ చెప్పాడంటే నాకన్నా నాలుగింతలు పెంచి చెప్పి ఉంటాడు.

"ఆమెనడుగు. పెండ్లయినకాడి నుంచి నా పేరు ఒక్కసారి అన్నదట, అప్పుడే నాకు మత్తిచ్చిరి. వినవడలే."

చిన్నమ్మ తలెత్తలేదు. చెవుల దాకా ఎర్రబడింది. ఎల్లిపాయ పొట్టు ఊదేసి, చేటను ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"పానం మీదికొచ్చిందని చెప్పిన. మాటికోసారి చెప్పనీకె అదేమన్న డ్యూటీ పేరా?"